కాలరు మాస్టారి కుడిచెయ్యి

మా అన్నయ్యను ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. కాలరు మాస్టారు అనేవారు. చొక్కాలో మిగతాదంతా ఎవరైనా కుడతారు, మనిషి మర్యాద మాత్రం కాలరు దగ్గరే తేలిపోతుంది అన్నది అన్నయ్య సిద్ధాంతం. ఈ సిద్ధాంతం వినకుండా ఆ కొట్లోంచి బయటపడ్డవాడు లేడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడితే, మెడ చుట్టూ టేపు వేసి, "ఊపిరి వదలండి బాబూ. చొక్కా వేసుకున్నాక గాలి పీల్చడం మానేస్తారా?" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. నవ్వినప్పటి మెడే అసలు మెడ అని అప్పుడు కొలత రాసుకునేవాడు.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. ఒకవైపు చెప్పుల దుకాణం, మరోవైపు మందుల దుకాణం, మధ్యలో ఇరుక్కున్న ఒక గది. గుమ్మం దగ్గర మిషను, దాని వెనక కత్తిరించే బల్ల, గోడకి మేకులకు వేలాడే అట్టముక్కల నమూనాలు. ఇస్త్రీ పెట్టె ఆవిరి, మిషను నూనె, కొత్తగుడ్డ గంజి, ఈ మూడూ కలిసిన వాసన ఒకటుండేది. ఇప్పుడు అక్కడ ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు కూర్చుంటున్నారు. నా ఫోను ఎన్నిసార్లు పాడైందో నాకే తెలియదు. పాడవకపోయినా వెళ్తుంటాను. లోపలికి అడుగుపెట్టగానే ఆ వాసన తగులుతుందేమోనని ముక్కు ఎగబీలుస్తాను. ప్లాస్టిక్కు వాసన తప్ప ఏమీ రాదు.

నేను తపాలా ఆఫీసులో కౌంటరు మీద పనిచేసేదాన్ని. అందుకని అన్నయ్య నన్ను "పోస్టూ" అని పిలిచేవాడు. వదిన దానికి ఒక అక్షరం తగిలించి "పోస్టమ్మా" అనేది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, నేను ఆ హోదాకి తగ్గట్టే ఉండేదాన్ని. వదిన చేసిన ప్రతిదానికీ వంక పెట్టేదాన్ని. ఆవిడ కూడా తక్కువదేం కాదు. "మీ అన్నయ్యని భరించడానికే నా జీతం సరిపోవడం లేదు పోస్టమ్మా, నిన్ను భరించడానికి వేరే ఇప్పించు" అనేది.

వాళ్ళ కాపురం కొట్టు వెనక గదిలో. పగలు కూడా దీపం వేసుకోవాల్సిన గది. నా గది సందు అవతల, మేడమీద. పెద్ద కిటికీ, మధ్యాహ్నమంతా వెలుతురు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే వదిన తన పనిని నా గదికి మార్చేసింది. అన్నయ్య చొక్కా కుట్టి మూటకట్టి ఇస్తే, వదిన దాన్ని నా గదికి తెచ్చి, కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, ఇస్త్రీ చేసి, కాలరు కింద అట్ట పెట్టి మడిచేది. మళ్ళీ కొట్టుకు వెళ్ళేది మడత చొక్కాయే. కట్టింది అన్నయ్య, తలుపులు పెట్టింది వదిన అన్నట్టు సాగేది ఆ పని. మా అమ్మ వాడిన పాత మిషను ఒకటి నా గదిలో మూలనుండేది. పెళ్ళయిన ఏడాది అన్నయ్య దానిమీదే వదినకి కుట్టు నేర్పాడు. నేర్పుతూ తిట్టాడు, తిడుతూ నేర్పాడు. ఎంత నేర్పినా ఆవిడకి ఒక అలవాటు పోలేదు. కుట్టు చివరికి రాగానే ఊడిపోతుందేమోనని భయం. మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి కుట్టి గానీ దారం తెంపేది కాదు. "ఒక్కసారి చాలు. చొక్కాని గోడకి కడుతున్నావా?" అని విసుక్కునేవాడు. ఆవిడ సరేనని మళ్ళీ మూడుసార్లే తిప్పేది.

ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు అన్నిటికంటే ముందు ఆ మధ్యాహ్నాలే గుర్తొస్తాయి. నా డ్యూటీ పొద్దున్నే మొదలై భోజనాల వేళకి అయిపోయేది. నేను మంచం మీద పడుకుని ఆఫీసు కబుర్లు చెబుతుంటే వదిన కాజాలు కుడుతూ ఊఁ కొట్టేది. దారం పళ్ళతో తెంపేది. అంతకంటే సుఖం నా జీవితంలో మళ్ళీ చూడలేదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. వాన పడుతోంది. వీధిలో జనం లేరు. మందుల దుకాణం ముసలాయన గల్లాపెట్టె సర్దుకుంటుంటే ఇద్దరు లోపలికి వచ్చి కత్తి చూపించారు. ఆయన డబ్బు ఇచ్చేసి ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు, కేకలు పెట్టాడు. పక్కనే ఉన్న అన్నయ్య మెడలో టేపుతో అలాగే పరిగెత్తాడు. దొంగల్లో ఒకడు ముసలాయన మీదికి విసిరిన కత్తిని మధ్యలో చేత్తో పట్టుకున్నాడు. పిడి వైపు కాదు, పదును వైపు. కావాలని పట్టుకున్నాడా, చెయ్యి అడ్డం పెడితే దొరికిందా అని తరవాత చాలామంది అడిగారు. "ఆలోచించడానికి టైమెక్కడిది?" అనేవాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు ముసలాయన గీతపడకుండా బయటపడ్డాడు, అన్నయ్య కుడి అరచెయ్యి మాత్రం ఇటునుంచి అటు తెగిపోయింది.

దొంగలు తొందరగానే దొరికారు. జైలుకీ వెళ్ళారు. అన్నయ్య చేతికి కుట్లు వేశారు. కుట్లు మానాయి గానీ చూపుడువేలూ నడిమివేలూ మొద్దుబారిపోయాయి. సూది గుచ్చితే తెలిసేది కాదు. తన చొక్కా బొత్తాలు తను పెట్టుకోలేకపోయేవాడు. పొద్దున్నే వదిన పెట్టేది. వీధికంతటికీ చొక్కాలు కుట్టేవాడికి బొత్తాలు పెట్టడానికి ఒక మనిషి కావాల్సి వచ్చిందని చెప్పుకుని ఇద్దరూ నవ్వుకునేవారు. నాకు మాత్రం అది చూస్తే నవ్వొచ్చేది కాదు.

తెగిన నరాన్ని మళ్ళీ కలిపే ఆపరేషను ఒకటుందనీ, ఎంత తొందరగా చేయించుకుంటే అంత మంచిదనీ, ఆలస్యమైతే ఇక చేసినా ఉపయోగం ఉండదనీ డాక్టరు చెప్పింది. దానికయ్యే ఖర్చు విని ముగ్గురం ఇంటికొచ్చేశాం. అప్పుడు దారి చూపించింది మా వీధి కానిస్టేబులు. చాలా ఏళ్ళుగా తన యూనిఫాం అన్నయ్య దగ్గరే కుట్టించుకునేవాడు. "మాస్టారూ, ఇలాంటి నేరాల్లో దెబ్బతిన్నవాళ్ళకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. మీ తప్పు లేకుండా దెబ్బ తగిలింది, పనికి నష్టం వచ్చింది. పెట్టుకోండి, వస్తుంది" అన్నాడు. పెట్టుకున్నాం. దరఖాస్తు నేనే నింపాను, జీవితమంతా జనానికి ఫారాలు నింపిపెట్టడమేగా నా పని.

ఆ డబ్బు వస్తే ఆపరేషను, ఆపరేషను అయితే చెయ్యి. మా ముగ్గురి తలలో అప్పుడు తిరిగింది ఇదొక్కటే.

దరఖాస్తు పెట్టి ఊరుకుంటే బాగుండేది. కట్టు విప్పగానే అన్నయ్య మిషనెక్కాడు. కత్తెర పట్టడానికి బొటనవేలూ, చివరి రెండువేళ్ళూ చాలన్నాడు. నిజమే, పొడుగు కుట్లు చాలావరకు మిషనే చూసుకుంటుంది. కానీ కాలరుకి వేళ్ళు కావాలి. గుడ్డ లోపల ఎక్కడ జారుతోందో, ఎక్కడ ముడత పడుతోందో కన్ను చూడకముందే వేలికి తెలియాలి. అలా కుట్టిన మొదటి చొక్కా కానిస్టేబులుదే. ఆ పెద్దమనిషి ఎడమ చెవి వైపు ఎగిసిన కాలరుతో డ్యూటీకి వెళ్ళి, పై అధికారి చేత చీవాట్లు తిని కూడా అన్నయ్యతో ఒక్కమాట అనలేదు. "బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ" అన్నాడు. సాయంత్రం వదిన కంటపడినప్పుడు మాత్రం మెడ మీద చెయ్యి వేసుకుని దాచుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన మూట తీసుకుని నా గదికి వచ్చింది. రోజూలాగే కాజాలకి కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. చొక్కా కాలరు విప్పింది. మా అమ్మ మిషను మీది గుడ్డ తీసి, నూనె వేసి, కాలరు మళ్ళీ కుట్టింది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"అన్నయ్యకి తెలిస్తే?" అన్నాను.

"నువ్వు చెబితే తెలుస్తుంది" అంది వదిన తల ఎత్తకుండా.

నేను చెప్పలేదు. అలా మొదలైంది. అన్నయ్య కొట్లో కుట్టేవాడు, వదిన నా గదిలో విప్పి కుట్టేది. తను కుట్టేటప్పుడు కాలరు కొంచెం వంకరగా ఉన్నట్టు అన్నయ్యకి అనిపించేదేమో, అదే చొక్కా మనిషి ఒంటిమీద చూస్తే తీర్చిదిద్దినట్టుండేది. "అంతా భయం పోస్టూ. చేతికేం కాలేదు, మనసే బెదిరింది. ఇస్త్రీ పడితే అన్నీ సర్దుకుంటున్నాయి" అనేవాడు నాతో. తను పట్టిన కుందేటికి మూడేకాళ్ళు అనే మనిషి. అనుమానం తన చేతిమీద రావాల్సింది, దాన్ని తన కళ్ళమీదికి తోసేసుకున్నాడు.

ఆ తరవాత వచ్చాడు గొడుగాయన. పరిహారం ఆఫీసు నుంచి విచారణకి వచ్చిన ఉద్యోగి. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా చేతిలో గొడుగుండేది, అందుకని నేను పెట్టిన పేరది. మంచివాడే. మర్యాదగా వీధంతా తిరిగి, మాస్టారి పని ఎలా ఉంది, దెబ్బ తగిలాక ఏమైనా తేడా వచ్చిందా అని అందరినీ అడిగాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు మా వీధి నోరు మరీ మంచిదైపోయింది. వచ్చినవాడు ఎవరో, ఎందుకు అడుగుతున్నాడో కనుక్కోవాలన్న జ్ఞానం ఒక్కరికీ లేకపోయింది. మాస్టారి చేతిమీద ఎవడో మచ్చ వెయ్యడానికి వచ్చాడని వాళ్ళ గొడవ. చెప్పుల దుకాణం వాడు, "తేడానా? ముందుకంటే బాగా కుడుతున్నాడు" అన్నాడు. మందుల ముసలాయన అన్నయ్యకి ప్రాణం బాకీపడ్డ మనిషాయె, "ఆ చెయ్యి దేవుడి చెయ్యండీ, దానికేం కాదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చివరికి కానిస్టేబులు కూడా, దరఖాస్తు పెట్టమన్నవాడే, తన వంకర కాలరు సంగతి మింగేసి "ఫస్టుక్లాసు పని సార్" అన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అది చాలనట్టు గొడుగాయన వెళ్తూ వెళ్తూ ఒక చొక్కాగుడ్డ కొని తెచ్చి అన్నయ్యకి కొలతలిచ్చాడు. పరీక్షించడానికి ఇచ్చాడో, నిజంగానే చొక్కా అవసరమై ఇచ్చాడో ఇప్పటికీ నాకు తెలియదు. అది మూటలో అన్నిటితోపాటు నా గదికి వచ్చింది. ఎవరిదో మాకు తెలియదు. వదిన కాలరు విప్పి, కొత్తగా కుట్టి, ఇస్త్రీ చేసి పంపింది. ఆవిడ జీవితంలో కుట్టిన కాలర్లలో అంత చక్కనిది లేదు.

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది. వృత్తి సామర్థ్యంలో చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు కాబట్టి దరఖాస్తు తోసిపుచ్చడమైనది అని. ఆ ఉత్తరం నా కౌంటరు మీదుగానే వచ్చింది. నేను కొట్టుకు తీసుకెళ్ళి చదివి వినిపించాను. గోరుచుట్టు మీద రోకటిపోటని నేను ఏడుపు మొహం పెడితే, అన్నయ్య మొహం విచ్చుకుంది.

"మళ్ళీ చదువు" అన్నాడు.

చదివాను.

"చూశావా పోస్టూ. సామర్థ్యంలో నష్టం లేదంట. ప్రభుత్వమే రాసిచ్చింది. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?"

"నీ తలకాయ. ఆపరేషనుకి డబ్బు రాదు అన్నయ్యా. దాని అర్థం అది."

"రాకపోతే పోనీ. పనికి అడ్డం లేనప్పుడు ఆపరేషనెందుకు? బొత్తాలు పెట్టడానికి మీ వదిన ఉంది."

ఆ ఉత్తరాన్ని గోడకి మేకు కొట్టి, వచ్చినవాళ్ళకి కనపడేలా వేలాడదీశాడు. పరిహారం ఇవ్వం పొమ్మన్న కాగితాన్ని పటం కట్టుకున్నవాడు లోకంలో మా అన్నయ్య ఒక్కడే ఉంటాడు. జనం చదివి, అర్థం కాక, అభినందించి వెళ్ళేవారు.

ఆ మధ్యాహ్నం వదిన కాజాలు ముట్టుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుంది. నేనే మొదలుపెట్టాను. అప్పీలు చేసుకోవచ్చు, గడువుంది, కానీ అప్పీల్లో నిజం చెప్పాలి. ఎవరు కుడుతున్నారో చెప్పాలి. అన్నయ్య ఎదురుగానే.

"చెబితే ఆయన కత్తెర పట్టడం మానేస్తాడు" అంది వదిన.

"చెప్పకపోతే చెయ్యే మానేస్తుంది."

"నీకేం, నువ్వు నోరున్నదానివి."

"ఈ మాట నా నోటినుంచి వస్తే కుదరదు వదినా. అన్నయ్య నేను వాగుతున్నానంటాడు."

మింగలేక కక్కలేక ఆవిడ పడ్డ బాధ నాకు తెలుసు. ఆ రాత్రే కాదు, ఆ వారమంతా తిండి సరిగా తినలేదు. ఆవిడ భయం డబ్బు గురించి కాదు. ఇన్నాళ్ళూ ఆయనకి తన చేతిమీద నమ్మకం నిలబెట్టింది తనే, ఇప్పుడు నలుగురిలో దాన్ని పడగొట్టాల్సిందీ తనే. అన్నయ్య చేత అప్పీలు మీద సంతకం నేను పెట్టించాను. "నీ తృప్తి కోసం" అని ఎడమచేత్తో గీశాడు.

విచారణ గది మామూలు ఆఫీసు గదే. పొడుగు బల్ల, దాని వెనక ముగ్గురు, మధ్యలో కూర్చున్న కళ్ళద్దాలావిడే వాళ్ళకి పెద్ద. గోడవారగా బెంచీ మీద మేం ముగ్గురం. ఎదురుగా తన నివేదిక పట్టుకుని గొడుగాయన. అతన్ని చూడగానే అన్నయ్య నన్ను మోచేత్తో పొడిచాడు. "చూడు, నా చొక్కా వేసుకొచ్చాడు."

అప్పుడే తెలిసింది మాకు, ఆ చొక్కా ఎవరిదో. వదిన నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

కళ్ళద్దాలావిడ అన్నయ్యని అడిగింది. "మీ చెయ్యి ఇప్పుడెలా ఉందండీ?"

"బాగానే ఉందండి. పని నడుస్తోంది. ఈ సార్ వేసుకున్నది నేను కుట్టిందే" అన్నాడు అన్నయ్య.

"మరి అప్పీలెందుకు చేసుకున్నారు?"

అన్నయ్య నావైపు తిరిగాడు, నువ్వే చెప్పు అన్నట్టు. నేను నోరు తెరవబోయాను. వదిన నా మోకాలి మీద చెయ్యి వేసి తను లేచింది. నలుగురిలో మాట్లాడిన మనిషి కాదు. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"ఆ చొక్కా ఈయనే కుట్టారండి. కాలరు మాత్రం ఈయన కుట్టింది కాదు. నేను విప్పి కుట్టాను."

అన్నయ్య నవ్వాడు. "అదేదో అంటోందండి. కాజాలు కుడుతుంది, అంతే."

"కాలరు నాదేనండి" అంది వదిన మళ్ళీ, ఈసారి అన్నయ్య వైపు చూడకుండా.

అన్నయ్య లేచి గొడుగాయన దగ్గరికి వెళ్ళాడు. "ఒకసారి అటు తిరుగుతారా సార్" అన్నాడు, కొట్లో కొలతలు తీసేటప్పుడు అన్నట్టే. ఆయన గొడుగు కుర్చీకి తగిలించి బుద్ధిగా తిరిగాడు. అన్నయ్య ఎడమచేత్తో కాలరు ఎత్తి, లోపలి కుట్టు మీద బొటనవేలు జరుపుతూ చివరికి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. దారం మూడుసార్లు వెనక్కి తిరిగి ఉంది. ఆ గదిలో దాని అర్థం తెలిసినవాళ్ళం ముగ్గురమే.

చాలాసేపు కాలరు వదల్లేదు. గొడుగాయన కూడా కదల్లేదు. తరవాత అన్నయ్య బల్ల వెనకవాళ్ళని మరిచిపోయినట్టు అక్కణ్ణుంచే వదినని అడిగాడు.

"ఇదొక్కటేనా?"

"కాదు."

"ఎప్పణ్ణుంచి?"

"మీరు మళ్ళీ మిషనెక్కినప్పటినుంచి."

"అన్నీనా?"

వదిన తల ఊపింది.

కళ్ళద్దాలావిడ చాలా నెమ్మదిగా, "మాస్టారూ, మీ భార్య చెప్పింది రాసుకున్నాం. కానీ దెబ్బ మీది. మీరు మీ నోటితో చెప్పాలండి" అంది.

అన్నయ్య కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. నేను ఆయన వెనక ఉన్నాను, మొహం కనపడలేదు. మెడ మాత్రం కనిపించింది. ఎప్పుడూ నిటారుగా ఉండే మెడ.

"చెయ్యి బాగాలేదండి. రెండువేళ్ళకి గుడ్డ తెలియడం లేదు. కాలరు కుట్టలేను" అన్నాడు.

కాలరు మాస్టారి నోట ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. కోరుకున్నది నేనే, అప్పీలు రాసింది నేనే. అయినా ఆ క్షణంలో అన్నయ్య చేత ఆ మాట అనిపించిన ప్రపంచాన్నంతా తిట్టుకున్నాను. ఆ ఇద్దరు దొంగలతో మొదలుపెట్టి నా దాకా వచ్చాను.

తిరుగు బస్సులో అన్నయ్య మాతో కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని కిటికీ బయటికి చూశాడు. ఇంటికొచ్చి కొట్టు తలుపులు వేసేశాడు. గోడమీది ఉత్తరం తీసి చింపాడు. మర్నాడు కొట్టు తెరవలేదు, ఆ తరవాత కూడా తెరవలేదు. వదినతో మాట్లాడలేదు. పొద్దున్నే ఆవిడ బొత్తాలు పెట్టడానికి వస్తే పక్కకు తిరిగి, బొత్తాల్లేని పాత బనియను వేసుకుని కూర్చునేవాడు. వదిన నా గదికి వచ్చి, "నిజం చెప్పి మనిషిని పోగొట్టుకున్నాను పోస్టమ్మా" అంది. నోరున్నదాన్నన్న పేరే గానీ, కావాల్సినప్పుడు అది పనికిరాలేదు.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వదినకి కుట్టు నేర్పిన రోజుల తరవాత అన్నయ్య నా గదికి ఎక్కింది లేదు, మోకాళ్ళ నొప్పులనేవాడు. గుమ్మంలో నిలబడి గదంతా చూశాడు. గుడ్డ కప్పని మిషను, నేలమీద దారప్పోగులు, కిటికీ పక్క కుర్చీలో వదిన.

"నేను కుట్టినట్టే ఉన్నది, నువ్వు ముట్టుకోనిది, ఒకటేదైనా ఉందా?" అన్నాడు. ఎన్నో రోజుల తరవాత ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అది.

ఉంది. విచారణ గొడవలో విప్పకుండా మిగిలిపోయిన చొక్కా ఒకటి మూటలో ఉంది. వదిన భయపడుతూ ఇచ్చింది. అన్నయ్య వెలుతుర్లో పట్టుకుని చూశాడు. మొదటిసారి తన కళ్ళని అనుమానించకుండా చూశాడనుకుంటాను.

"ఇదేం కాలరే? కుక్క చెవిలా ఉంది" అన్నాడు.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వింది ఆవిడే. తరవాత ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అన్నయ్య మంచం మీద కూర్చుని ఏడ్చాడు. చొక్కా ఒళ్ళో పెట్టుకుని, దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదిన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"ఎందుకు చెప్పలేదే?"

"మీరు మిషను దిగిపోతే చూడలేననిపించింది."

"ఇకనుంచి మొహం మీదే చెప్పు. వంకరైతే వంకర అను. నా మీద ఒట్టు" అన్నాడు.

పరిహారం మంజూరైంది. ఆపరేషను అయింది. నరం కలిపాం గానీ స్పర్శ ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేమంది డాక్టరు. నెలల తరబడి ఏమీ లేదు. కొట్టు నడిచింది వదిన చేతిమీదే, ఈసారి అందరికీ తెలిసేలాగ. గుమ్మం దగ్గర మిషను మీద ఆవిడ కూర్చునేది, అన్నయ్య కొలతలు తీసుకుని సిద్ధాంతాలు చెప్పేవాడు. ఒకరోజు కాఫీ గ్లాసు పట్టుకుని, "వేడిగా ఉందే ఇది" అన్నాడు. గ్లాసు ఏ వేళ్ళతో పట్టుకున్నాడో చూసి వదిన లేచి నిలబడిపోయింది.

ఆ తరవాత రోజూ మధ్యాహ్నం మేడమెట్లెక్కి వచ్చి, నా గదిలో మిషను మీద ఒక కాలరు కుట్టేవాడు. కుట్టి వదినకి చూపించేవాడు. ఒట్టు వేయించుకున్న పాపానికి ఆవిడ ఏమాత్రం జాలి చూపించేది కాదు.

"వంకర."

విప్పి, మర్నాడు మళ్ళీ కుట్టేవాడు.

"వంకరే."

"కొంచెమేగా?"

"కొంచెమైనా వంకరే."

"నిన్నటికంటే నయమా?"

"నిన్ననే నయం."

ఒక్కోరోజు విసురుగా మెట్లు దిగిపోయేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. నేను మంచం మీద పడుకుని పేపరు చదువుతున్నట్టు నటించేదాన్ని. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. వదిన ఆ ఒక్కమాటే అంటూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య కుట్టడం ముగించి చొక్కా ఇచ్చాడు. వదిన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కాలరు అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ మొదట్నుంచి చూసింది. నేను పేపరు దించాను. అన్నయ్య చేతులు కట్టుకుని, కొలతలివ్వడానికి వచ్చినవాడిలా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

వదిన ఆ మాట అనలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించి, కాలరు పట్టీ మీద కాజా కుట్టడం మొదలుపెట్టింది.